సంఘం, సర్కారు, నెలకు ఐదు వేలు: విజయనగరం శనివారం తరగతిపై సమీక్ష

విజయనగరం కంటోన్మెంటు వైపు ఒక బాప్టిస్టు సంఘం హాలులో ‘క్రైస్తవుడు – ప్రభుత్వం’ పేరుతో ఆరు శనివారాల తరగతి నడుస్తోంది. సాయంత్రం 5.30కి మొదలుపెట్టి 8 గంటలకు వదిలేస్తారు. ఫీజు 400 రూపాయలు. 64 పేజీల ఫైలు, మధ్యలో టీ, చివరి వారం ఇచ్చే నమూనా ఫారాలు అన్నీ అందులోనే. చెప్పేవాళ్లు ఇద్దరు: సంఘ చరిత్ర బోధించి రిటైరైన ఒక అయ్యగారు, కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక అడ్వకేటు. పాస్టర్లు, డీకన్లు (సంఘ పరిచారకులు), సంఘ సెక్రటరీలు, స్త్రీల సమాజం పెద్దల కోసం పెట్టిన తరగతే గానీ ఎవరొచ్చినా కాదనరు. ఆర్‌.సి.ఎం. (రోమన్ కథోలిక) వాళ్లూ, పెంతెకొస్తు వాళ్లూ, ఇండిపెండెంటు సంఘాల వాళ్లూ కనిపిస్తారు.

ముందుగానే చెప్పేస్తాను: వెళ్లండి. నాలుగో శనివారం ఒక్కదానికే 400 ఇవ్వొచ్చు. ఆరో శనివారం సంఘ పెద్దలకు తప్పనిసరి అనిపిస్తుంది. అయితే ఈ తరగతిలో ఒక పెద్ద లోటుంది. రాజులు, పోపులు, కత్తి, చెరసాల గురించి ఇంత వివరంగా చెప్పినవాళ్లు, ఈ రోజున ప్రభుత్వం మన సంఘాల గడప తొక్కుతున్న అసలు దారి, అంటే పాస్టర్లకు సర్కారు నెలనెలా ఇచ్చే ఐదు వేల డబ్బు దారి, గురించి ఒక్క గంట కూడా ఇవ్వలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటి శనివారం కొత్త నిబంధన. ఈ విషయం మీద మన దగ్గర వినిపించే ప్రసంగాలు ఎక్కువగా ఒంటి వచనం మీద నిలబడతాయి. రోమా 13 తీసి లోబడమనేవారు కొందరు, అపొస్తలుల కార్యములు 5:29 తీసి ఎదురు నిలవమనేవారు కొందరు. ఇక్కడ అలా కాదు. ఒకే కాగితం మీద ఐదు భాగాలు పక్కపక్కన అచ్చువేసి ఇస్తారు: మత్తయి 22:15–22, రోమా 13:1–7, 1 తిమోతి 2:1–2, అపొస్తలుల కార్యములు 5:27–32, ప్రకటన 13. కింద మూడు గడులు: అధికారి ఏమి అడుగుతున్నాడు, ఏమి ఇవ్వాలి, ఏమి ఇవ్వకూడదు. నలుగురైదుగురు కూర్చుని ఇరవై అయిదు నిమిషాల్లో నింపాలి. నింపుతుంటేనే విషయం బయటపడుతుంది. రోమా 13:7లో పన్ను, సుంకం, భయం, సన్మానం అని నాలుగు బాకీలున్నాయి. ఆరాధన ఆ జాబితాలో లేదు. ప్రకటన 13లో మృగం అడిగేది సరిగ్గా అదే. పౌలు రోమీయులకు రాసింది సుమారు 57లో, నీరో పాలన తొలి ఏళ్లలో. అదే నీరో 64లో రోము తగలబడ్డాక క్రైస్తవుల మీద పడ్డాడు. రెండు భాగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవనీ, అధికారి అడిగేది మారినప్పుడు విశ్వాసి జవాబు మారుతుందనీ బోర్డు మీద రాయకుండానే తరగతికి అర్థమవుతుంది.

దేనారము బొమ్మ చూడటం మరిచిపోవద్దు. ఫైలు 7వ పేజీలో ఉంది గానీ జిరాక్సులో నల్లగా అలుక్కుపోయి ఏమీ కనబడదు. బల్ల మీద పెద్ద రంగుల ప్రింటు ఒకటి పెడతారు, టీ సమయంలో లేచి వెళ్లి దాన్నే చూడండి. తిబెరి తల, చుట్టూ కుదించి చెక్కిన అక్షరాలు: దివ్యుడైన ఔగుస్తు కుమారుడు తిబెరి కైసరు. పన్ను కట్టే నాణెమే రాజవంశాన్ని దేవుళ్లలో కలిపేసుకుంటోంది. అది చేత్తో పట్టుకున్నవాడికి, “దేవునివి దేవునికి” అన్న మాట సగం సగం పంపకంలా వినబడదు. ఈ భాగం అయ్యగారు చాలా బాగా చెప్పారు. పాత నిబంధనకు మాత్రం చోటివ్వలేదు. 1 సమూయేలు 8లో రాజు మీ పొలాల్లోనుంచి ఏమేమి తీసుకుంటాడో చెప్పిన జాబితా, చెరపట్టి తీసుకెళ్లిన ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్న యిర్మీయా 29:7, దానియేలు 3, 6 అధ్యాయాలు లేకుండా ఈ పాఠం కుంటుతుంది. ఒక కాగితం ఎక్కువ పెడితే సరిపోయేది.

రెండో వారం, మూడో వారం కలిపి పదహారు వందల ఏళ్లు. పరుగు తప్పదు. అయినా రెండు చోట్ల ఫైలు కచ్చితంగా ఉంది. ఒకటి, 313లో మిలానులో కాన్‌స్టంటైను, లిసీనియసు కుదుర్చుకున్నది అన్ని మతాలకూ స్వేచ్ఛ. క్రైస్తవ్యం రాజ్యమతం అయింది 380లో, థియోడోసియసు శాసనంతో. ఈ రెండింటినీ కలిపేసి కాన్‌స్టంటైను దేశాన్నంతా క్రైస్తవం చేశాడని చెప్పేవారు మన వేదికల మీద ఇంకా ఉన్నారు. రెండు, ఉత్తర ఆఫ్రికాలో ప్రధాన సంఘం నుంచి విడిపోయిన డొనాటిస్టుల గొడవ. సంఘ తగాదాను చక్రవర్తి దగ్గరకు ముందు తీసుకెళ్లింది వాళ్లే, 313లో. తర్వాత అదే చక్రవర్తి బలం వాళ్ల మీదకే తిరిగింది. బలవంతం కూడదని మొదట అన్న బిషప్పు అగస్టీను చివరికి ఆ బలవంతాన్ని సమర్థించాడు. మన సంఘాల్లో ఆస్తి తగాదాలు కోర్టు మెట్లెక్కుతున్న ఈ రోజుల్లో ఈ పావుగంట పాఠం విని హాలులో చాలామంది మౌనంగా ఉండిపోయారు.

390లో థెస్సలొనీక ఊచకోత తర్వాత చక్రవర్తిని మిలాను బిషప్పు ఆంబ్రోసు పశ్చాత్తాపానికి నిలబెట్టడం, 494లో పోపు గెలాసియసు రాసిన రెండు అధికారాల ఉత్తరం, 1077 జనవరిలో పోపు క్షమాపణ కోసం కనోసా కోట ముందు మంచులో నిలబడ్డ జర్మను రాజు నాల్గవ హెన్రీ, 1302లో పోపు ఎనిమిదవ బోనిఫేసు రెండు కత్తులూ సంఘం చేతిలోవేనని ప్రకటించడం... ఇవన్నీ నలభై నిమిషాల్లో అయిపోతాయి. ముందుగా ఎక్కడైనా చదువుకుని వెళ్తే తప్ప అందదు.

సంస్కరణ కాలం మాత్రం నెమ్మదిగా చెప్పారు. లూథరు 1523లో దేవుని రెండు పాలనలను విడదీసి చూపించడం, 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైములో అనాబాప్టిస్టులు (పెద్దయ్యాకే బాప్తిస్మం అన్నవారు) కత్తి, అంటే పాలకుల దండనాధికారం, దేవుని ఏర్పాటే గానీ క్రీస్తు సంపూర్ణతకు వెలుపలిదని ఒప్పుకుని సంతకాలు చేయడం, దానికి నెల ముందే, జనవరి 5న, జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజును నగర పాలకులు లిమ్మాటు నదిలో ముంచి చంపడం. పెద్దయ్యాక తీసుకున్న బాప్తిస్మానికి నీళ్లలోనే మరణశిక్ష వేసింది ప్రొటెస్టంటు నగరమే. 1553 అక్టోబరు 27న జెనీవాలో త్రిత్వాన్ని కాదన్న సెర్వేటసును కాల్చడం గురించి కూడా అయ్యగారు ఏమీ మెత్తబరచలేదు. చంపింది మనవాళ్లే అని సూటిగా చెప్పారు. ఆ నిజాయితీకి నమస్కారం.

29వ పేజీలో నాలుగు గళ్ల పట్టిక ఉంది: సంఘాన్ని ప్రభుత్వం నడపడం, ప్రభుత్వాన్ని సంఘం నడపడం, రెండూ పక్కపక్కన నడవడం, రెండూ విడిగా ఉండడం. మొదటి గడిలో 1534లో ఎనిమిదవ హెన్రీ ఇంగ్లండు సంఘానికి తనే శిరస్సని చట్టం చేయించుకోవడం, రెండో గడిలో 1302. బాగానే ఉంది. కానీ మూడో గడిలో లూథరునూ, జస్టీనియను కాలపు తూర్పు సంఘాల ‘సింఫోనియా’నూ కలిపేశారు. అది పొరపాటు. జస్టీనియను 535 నాటి శాసనంలో రాజ్యాధికారం, యాజకత్వం ఒకే దేవుని రెండు వరాలు, ఒకదానికొకటి శ్రుతి కలపాలి. లూథరుకు ఆ శ్రుతి కాదు, హద్దు ముఖ్యం. మనస్సాక్షి దగ్గర రాజు ఆగిపోవాలి. ఇక కథోలిక పక్షం రెండో గడిలోనే, 1302లోనే ఆగిపోయింది. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛ మనిషి గౌరవంలోనే ఉందని ప్రకటించిన సంగతి 50వ పేజీలో ఎక్కడో ఉంది. పట్టిక మాత్రమే చూసి వెళ్లిన ఆర్‌.సి.ఎం. వాళ్లు నొచ్చుకుంటారు, అందులో న్యాయముంది. తర్వాతి ముద్రణలో గళ్లు ఆరు చేసి, ప్రతి గడిలో ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అని రెండు వరుసలు పెడితే ఈ చిక్కు తీరుతుంది.

నాలుగో శనివారం బాప్టిస్టుల చరిత్ర. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సంఘాల్లో చాలావాటికి ఇది సొంత ఇంటి చరిత్ర, తెలిసినవాళ్లే తక్కువ. థామస్ హెల్విస్ 1612లో లండను పక్క స్పిటల్‌ఫీల్డ్సులో ఇంగ్లండులోని మొదటి బాప్టిస్టు సంఘాన్ని పెట్టాడు. మొదటి జేమ్సు రాజుకు పంపిన తన పుస్తకంలో స్వహస్తంతో రాశాడు: రాజు మర్త్యుడే, దేవుడు కాడు, కాబట్టి ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదు. న్యూగేటు చెరసాలలో పడ్డాడు, 1616 నాటికి చనిపోయాడు. హెల్విస్ స్వేచ్ఛ అడిగింది తన సంఘానికి మాత్రమే కాదు. యూదుడైనా, ముస్లిమైనా, మతభ్రష్టుడని పేరుపడ్డవాడైనా రాజు శిక్షించకూడదన్నాడు. ఈ మాట దగ్గర అయ్యగారు ఆగి, మన పక్కింటి హిందువు హక్కు కోసం మాట్లాడని బాప్టిస్టు హెల్విస్ వారసుడు కాడన్నారు. నా దృష్టిలో ఆరు వారాల్లో ఇదే గుండెకాయ.

అక్కడి నుంచి అమెరికా, రోజర్ విలియమ్సు: 1636లో మసాచుసెట్సు నుంచి బహిష్కృతుడై ప్రావిడెన్సు పట్టణం పెట్టాడు. వర్జీనియాలో లైసెన్సు లేకుండా ప్రసంగించినందుకు బాప్టిస్టు బోధకుల్ని జైల్లో పెట్టారు. అదే వర్జీనియాలో బోధకులందరికీ పన్ను డబ్బుతో జీతాలిద్దామన్న బిల్లు 1785లో వీగిపోయి, 1786లో మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. ఆ బిల్లు నెగ్గితే బాప్టిస్టు బోధకులకూ వాటా వచ్చేది. అయినా వద్దని సంతకాలు చేశారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

కెనడా దగ్గర ఫైలులో తప్పు దొర్లింది. 1791 చట్టం ప్రకారం ప్రొటెస్టంటు బోధకుల కోసం భూమిలో ఏడో వంతు కేటాయించారు, దాని ఫలం ఎక్కువగా ఆంగ్లికను సంఘానికే అందింది, చాలా పోరాటం తర్వాత 1854లో ఆ ఏర్పాటు రద్దయింది. ఇంతవరకు సరే. ‘ఆ పోరాటం చేసినవారే మన శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం వచ్చారు’ అని 41వ పేజీలో రాశారు. ఆ భూముల పోరు ఒంటారియో వైపుది. ఒంటారియో వాళ్లు 1874 నుంచి పనిచేసింది కాకినాడ వైపు. విశాఖకు ఉత్తరాన మన జిల్లాల్లో సంఘాలు నాటింది కెనడా తూర్పు తీరపు, అంటే మారిటైం ప్రాంతపు బాప్టిస్టులు. సిద్ధాంతం ఒకటే, పోరాటం ఒకటి కాదు. మూలపురుషుల గురించి రాసేటప్పుడు ఇంత తేడా రాకూడదు.

మిషనరీలు కంపెనీ భుజాల మీద వచ్చారన్న ఆరోపణకు ఇచ్చిన జవాబు మాత్రం సమతూకంగా ఉంది. 1813 చార్టరు చట్టం దాకా ఈస్టిండియా కంపెనీ మిషనరీలకు అడ్డమే. అందుకే బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ బృందం 1800లో డేనిష్ వారి సెరాంపూరులో స్థిరపడింది. మన దగ్గర లండన్ మిషనుకు చెందిన క్రాన్, డెస్ గ్రాంజెసు 1805లో విశాఖపట్నం చేరి తెలుగు బైబిలు పని మొదలుపెట్టారు. కానీ అదే 1813 చట్టంతో కలకత్తాకు ఒక ఆంగ్లికను బిషప్పు వచ్చాడు, ఆయన జీతం ఇక్కడి రెవెన్యూ నుంచే. రెండూ నిజమే, రెండూ చెప్పారు.

ఐదో వారం భారత రాజ్యాంగం. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు, బెంగాలీ క్రైస్తవుడు హెచ్‌.సి. ముఖర్జీ, ఫాదర్ జెరోం డిసౌజా వంటివారు క్రైస్తవులకు ప్రత్యేక సీట్ల కోసం పట్టుబట్టకపోవడం, 25వ అధికరణలో మత ప్రచారం హక్కు చేరడం, 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచారానికి హక్కుంది గానీ ఎదుటివారిని మతం మార్చే హక్కు లేదని తేల్చడం, 1986లో జాతీయగీతం పాడని ముగ్గురు కేరళ పిల్లల పక్షాన నిలవడం. క్లుప్తంగా, సరిగ్గా చెప్పారు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ వారం తప్పక ఉండాలి. ఎందుకంటే పాతపట్నం దాటితే పర్లాకిమిడి, చట్టం మారిపోతుంది. ఒడిశా మతస్వేచ్ఛ చట్టం 1967 నాటిది. 1989 నియమాల ప్రకారం మతమార్పు కార్యక్రమం జరిపే బోధకుడు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తేదీ, సమయం, స్థలం, మారేవారి పేర్లు, చిరునామాలు రాసి ఇవ్వాలి. బలవంతం, ప్రలోభం, మోసం రుజువైతే ఏడాది దాకా జైలు, ఐదు వేల జరిమానా. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో రెండేళ్లు, పది వేలు. ఏటి అవతల బాప్తిస్మాలు పెట్టుకునే మన సరిహద్దు సంఘాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి: నోటీసు ఇవ్వకపోవడం ఒకటి, ఇచ్చినా రసీదు తీసుకోకపోవడం ఒకటి.

ఎస్సీ హోదా గురించి ఇరవై నిమిషాలే. ఎస్సీ హోదా హిందువులకే అన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు, క్రైస్తవులకు లేకపోవడం, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి బీసీ-సి కింద ఒక్క శాతం. సవరలు, జాతాపులు ఏ మతంలో ఉన్నా ఎస్టీలే. అంతే చెప్పి వదిలేశారు. హాలులో సగానికి పైగా కుటుంబాల బతుకుని తాకే విషయం ఇది. కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం అన్న పరిస్థితిని బోధకుడు ఎలా ఎదుర్కోవాలి అని ఒక డీకను అడిగితే, సమయం అయిపోయిందన్నారు. కనోసాకు ఇచ్చిన పావుగంట దీనికివ్వాల్సింది.

గుళ్ల గురించి మాట్లాడటం మంచి పని. విజయనగరంలో రాజుకూ గుడికీ ఉన్న సంబంధం ఎవరికీ చెప్పక్కర్లేదు. మాన్సాస్ (విజయనగరం రాజవంశపు ట్రస్టు), సింహాచలం చైర్మను పదవిని 2020లో సర్కారు ఉత్తర్వుతో మార్చడం, 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేయడం అందరూ చూసిందే. 1987 దేవాదాయ చట్టం కింద గుళ్ల ఆదాయం, ఈవోలు ప్రభుత్వం చేతిలో ఉంటే, చర్చిలకు అలాంటి శాఖే లేదు. ఈ తేడాను పొరుగువారు ఎత్తిచూపినప్పుడు క్రైస్తవులు తప్పించుకోకూడదని అడ్వకేటు గారు చెప్పారు. చాలామంది పాస్టర్లకు ఆ చట్టం పేరే కొత్త.

ఆరో శనివారం ఫారాల రోజు. పెన్ను, స్టాపిల్డు నోటుబుక్కు, మీ సంఘం రిజిస్ట్రేషను నకలు తీసుకెళ్లండి. మొదట 1988 మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం. చర్చి ఆవరణలో గానీ, సంఘం జరిపే పండుగలో, ఊరేగింపులో, కూడికలో గానీ రాజకీయ ప్రచారానికి చోటివ్వకూడదు. సంఘం డబ్బు పార్టీకి వాడకూడదు. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. శిక్షపడ్డ నిర్వాహకుడు దోషిగా తేలిన నాటి నుంచి ఆరేళ్లు ఏ మతసంస్థలోనూ పదవిలో ఉండకూడదు. ఎన్నికల ముందు క్రిస్మస్ వేదికల మీద జరిగేది తలచుకుంటే ఎంతమంది పెద్దలు తెలియకుండానే ఈ గీత దాటుతున్నారో అర్థమవుతుంది. తప్పు జరిగే తీరు కూడా చెప్పారు: అభ్యర్థి శాలువా కప్పించుకోవడానికి వస్తాడు, మైకు చేతికిస్తారు, ఆయన గుర్తు చెబుతాడు. కాబట్టి మైకు ఇవ్వకూడదు. అభ్యర్థి ఎవరైనా కూర్చోవచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు, మాట్లాడకూడదు అని సంఘం ముందే తీర్మానం రాసుకోవాలి. ఆ నమూనా తీర్మానం 58వ పేజీలో ఉంది, దాన్ని యథాతథంగా వాడుకోవచ్చు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. ఓటరు మతాన్ని పట్టుకుని అడిగినా అంతేనని 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల్లో నలుగురు తీర్పిచ్చారు.

తర్వాత 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం. సంఘమూ సర్కారూ ఒకే రిజిస్టరు మీద కలిసే చోటు ఇది. లైసెన్సు ఉన్న పాస్టరు నోటీసు తీసుకోవాలి, చర్చిలో కనబడేలా అంటించాలి, సర్టిఫికెట్టు ఇచ్చిన రెండు నెలల్లో పెళ్లి జరగాలి. ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. సాయంత్రం ముహూర్తం, మధ్యలో ఊరేగింపు, ఫొటోలు... అలా ఎనిమిదింటికి ప్రమాణాలు చేయించే అలవాటు ఇక్కడ చాలా ఉంది. ఆ గంట చట్టానికి బయట పడుతుంది. అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే 68వ సెక్షను కింద పదేళ్ల దాకా జైలు. ఇండిపెండెంటు పాస్టర్లు చాలామంది లైసెన్సు లేకుండానే సర్టిఫికెట్లు రాసిస్తున్నారు. పాస్‌పోర్టు దగ్గరో, పెన్షను దగ్గరో ఆ కాగితం చెల్లక ఇబ్బంది పడేది ఆ జంట. ఈ గంటలో అడ్వకేటు గారు ఒక నింపిన రిజిస్టరు పేజీ చూపించి ఎక్కడెక్కడ ఖాళీలు వదిలేస్తారో వేలుపెట్టి చూపించారు: తండ్రి పేరు, పెళ్లి నాటి వయసు, సాక్షి సంతకం. చాలా విలువైన పని.

హాలు విషయం రెండు ముక్కల్లో. మైకు గోలగా ఉంటుంది, ముందు మూడు వరుసల్లో కూర్చోండి. కరెంటు పోతే ప్రొజెక్టరు ఉండదు, ఫైలే దిక్కు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ఆటోలో దగ్గరే. బొబ్బిలి, పార్వతీపురం వైపు వెళ్లేవాళ్లకు మాత్రం ఎనిమిదికి వదలడం ఆలస్యమే, ఏడున్నరకు ముగిస్తే మేలు.

ఇక డబ్బు. మన రాష్ట్రంలో పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. ఇమాములకు, మౌజన్లకూ ఇలాంటి ఏర్పాటుంది. యెరూషలేము యాత్రకు సాయం 2019లో 60,000కు, ఆదాయం ఎక్కువున్నవారికి 30,000కు పెరిగింది. ఆరు వారాల్లో ఈ ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, అదీ ఒకరు అడిగితే. “అది వ్యక్తిగతం, ఎవరిష్టం వారిది” అని దాటేశారు. హెల్విస్ గురించి అంత బాగా చెప్పినవారు అక్కడ ఆగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇది వ్యక్తిగతం కాదు, చరిత్ర నిండా ఉన్న ప్రశ్న. చేతికి అధికారం రాగానే కాన్‌స్టంటైను చేసిన తొలి పనుల్లో ఒకటి బోధకులకు పౌర విధుల నుంచి మినహాయింపు ఇవ్వడం. జర్మనీలో ఈనాటికీ ప్రభుత్వమే ఆదాయపు పన్ను మీద 8 లేక 9 శాతం చర్చి పన్ను వసూలుచేసి సంఘాలకు అప్పగిస్తుంది. మన ప్రశ్నకు అతి దగ్గరి ఉదాహరణ ఇంగ్లండులోనే ఉంది. 1723 నుంచి అక్కడి ప్రెస్బిటేరియను, ఇండిపెండెంటు, బాప్టిస్టు బోధకుల్లో పేదవారికి, వారి విధవరాండ్రకు రాజు ఖజానా నుంచి ఏటా కొంత సొమ్ము పంచేవారు. తీసుకున్నవారు దుర్మార్గులు కాదు, నిజంగా ఆకలితో ఉన్న కుటుంబాలు. అయినా ఆ సొమ్ము తింటూ రాజ్యసంఘాన్ని ఎలా ప్రశ్నిస్తాం అని ఆ సంఘాలవాళ్లే గొంతెత్తారు. చివరికి 1851లో అది ఆగిపోయింది.

మరో పక్క వాదనా బలమైనదే, తరగతిలో దాన్ని కూడా వినిపించాలి. పన్ను అందరూ కడుతున్నారు, అన్ని మతాల సేవకులకూ ఇస్తున్నప్పుడు క్రైస్తవుడు మాత్రం ఎందుకు మానుకోవాలి? ఒకే మతం కోసం పన్ను కట్టించడాన్ని 27వ అధికరణ నిషేధిస్తుంది. హజ్ సాయం మీద 2011 తీర్పులో సుప్రీంకోర్టు పన్నులో పెద్ద భాగం ఒక మతానికి వెళితేనే ఉల్లంఘన అంది. కాబట్టి చట్టపరంగా చిక్కులేదు. మిషను కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మిషను బడులు 1854 తర్వాత వచ్చిన గ్రాంటు పద్ధతిలో సర్కారు డబ్బు తీసుకున్నాయి. సీతంపేట, కురుపాం కొండల్లో కూలి చేసుకుంటూ ఐదారు గూడేల సంఘాలు చూసే సేవకుడికి ఆ ఐదు వేలే నెల బియ్యం. అతని ముందు వర్జీనియా కథ చెప్పేముందు సంఘం తన కానుకల పెట్టె తీసి చూసుకోవాలి.

నా అభిప్రాయం: బడికి గ్రాంటు వేరు, బోధకుడికి జీతం వేరు. బడిలో అందరి పిల్లలూ చదువుతారు, ప్రసంగం మాత్రం సంఘానిది. బోధకుడి బువ్వ సర్కారు చేతిలో ఉన్నప్పుడు, ఇసుక గురించో, భూసేకరణ గురించో, ఎమ్మెల్యే గురించో మాట్లాడాల్సిన ఆదివారం వచ్చినప్పుడు నోరు తడబడుతుంది. డబ్బు ఆలస్యమైన నెలల్లో పాస్టర్లు పార్టీ నాయకుల చుట్టూ తిరగడం, కృతజ్ఞత సభలు పెట్టడం ఈ జిల్లాల్లో కళ్లెదుట జరుగుతున్నదే. నష్టం అక్కడుంది. తీసుకోవడం పాపమని మాత్రం నేననను.

అందుకే ఏడో శనివారం ఒకటి పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాను. ఆ వారం చేయించాల్సిన పని ఇదీ. సంఘం వార్షిక బిజినెస్ మీటింగులో పాస్టరు గారు బయట కూర్చుని ఉండగా విషయం చర్చకు రావాలి. సెక్రటరీ ముందుగా మూడు అంకెలు చదవాలి: సంఘం ఇస్తున్న జీతం, నెల కానుకల సగటు, కుటుంబానికి కనీసం అయ్యే ఖర్చు. తీసుకోవద్దని సంఘం అనుకుంటే ఆ ఐదు వేలూ సంఘమే ఏ నెల నుంచి భర్తీ చేస్తుందో తీర్మానంలో తేదీతో రాయాలి, లేకపోతే ఆ తీర్మానం చెల్లదు. తీసుకోమని అనుకుంటే రెండు షరతులు రాయాలి: ఆ సొమ్ము పేరుతో ఏ నాయకుడికీ చర్చిలో సన్మానం ఉండదు, లెక్క సంఘం పుస్తకంలో వేరే పద్దుగా కనబడుతుంది. ఎటు తేలినా మినిట్సు పుస్తకంలో ఇద్దరు డీకన్లు సంతకం చేసి, వచ్చే ఏడాది అదే మీటింగులో మళ్లీ ఓటుకు పెట్టాలి.